రెండో గీత

నా కుడి చేతిలో మూడు వేళ్ళు నాతో మాట్లాడడం మానేసి అప్పటికి ఏడాది దాటింది. బొటనవేలు, దాని పక్కది, దాని పక్కది. వేడి కప్పు పట్టుకుంటే వేడి తెలిసేది కాదు. కప్పు జారిపోతుంటే జారుతోందనీ తెలిసేది కాదు. ముప్పై ఒక్కేళ్ళు స్కూలు వంటగదిలో నాలుగు వందల మంది పిల్లలకు బంగాళాదుంపలు మెదిపిన చెయ్యి అది, అలిగే హక్కు దానికి ఉంది. డాక్టరమ్మ మణికట్టు నొక్కి చూసి, నరం నలిగిపోయిందని, ఆపరేషన్ వరసలో పేరు రాస్తానని, చేసినా పోయిన స్పర్శ తిరిగొస్తుందో లేదో చెప్పలేనని అంది. సరే రాసుకోమన్నాను. ఇంటికొచ్చి మా ఆయన రోలండ్‌కు మాత్రం చెప్పలేదు. చెబితే కారు సంగతి వస్తుంది. కారు సంగతి వస్తే నేను నలుగురిలో ఇచ్చిన మాట సంగతి వస్తుంది.

ముందు కారు గురించి చెప్పాలి. అది దుకాణంలో కొన్నది కాదు. పన్నెండేళ్ళ క్రితం నేనూ, నా స్నేహితురాలు గ్లెనిస్సూ కలిసి పెట్టెలు పెట్టెలుగా తెప్పించుకుని, మా ఇంటి గ్యారేజీలో బట్టల మిషనుకూ ఫ్రీజరుకూ మధ్య పెట్టుకుని, రెండేళ్ళ పాటు శని ఆదివారాలు తిండీ తిప్పలూ మాని బిగించుకున్న కారు. ఇనప గొట్టాల చట్రం, పైన అల్యూమినియం రేకు, ఫైబర్ ముక్కు, ఎవరి పాత కారులోంచో తీసిన ఇంజిన్. తలుపులు లేవు, పైకప్పు లేదు, హీటరు మొదట్లో ఉండేది, బరువని పీకేశాం. మొత్తం అయిదు వందల నలభై కిలోలు. కూర్చుంటే పిరుదులకూ రోడ్డుకూ మధ్య జానెడు కూడా ఉండదు. వాన పడితే తడుస్తాం, మా ఊళ్ళో వాన పడని రోజు వెతుక్కోవాలి. అయినా హియర్‌ఫోర్డ్ వెళ్ళే రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు ఆ కారు నా మనసులో మాట నాకంటే ముందు విన్నట్టు తిరుగుతుంది. అరవై ఏడేళ్ళ ఒంట్లో నా మాట వినేవి ఇంక చాలా లేవు, అందుకని అదంటే నాకు అంత ప్రాణం.

ఇలాంటి కారుకు ఒకసారి బిగించేస్తే పని అయిపోదు. ఏటా చలికాలం ఏదో ఒకటి విప్పుతాం, తేలికైంది వేస్తాం, మళ్ళీ బిగిస్తాం. బిగించడంలో మాకొక పద్ధతి ఉంది. అది గ్లెనిస్ తెచ్చింది, వాళ్ళ నాన్న రైళ్ళ షెడ్డులో పనిచేశాడట. ఒకరు నట్టు బిగించాక, నట్టు మీదుగా బోల్టు మీదికి, దాని కింది ఇనుము మీదికి ఒకే గీత లాగాలి. అది పసుపు. తర్వాత రెండో మనిషి వచ్చి, తన చేత్తో పానా వేసి బిగువు చూసి, పక్కనే ఇంకో గీత లాగాలి. అది నీలం. నట్టు ఎప్పుడైనా కదిలితే గీత తెగి పక్కకు జరుగుతుంది, వంగి చూస్తే తెలిసిపోతుంది. బిగించింది నేనైతే చూసేది గ్లెనిస్, బిగించింది గ్లెనిస్ అయితే చూసేది నేను. "రెండు గీతలూ ఒకే చెయ్యి గీస్తే అది దొంగసంతకమే తల్లీ" అనేది గ్లెనిస్.

రెండేళ్ళ క్రితం వాళ్ళక్కకు ఒంట్లో బాగాలేక, చూసుకోవడానికి గ్లెనిస్ వేల్స్‌లో సముద్రం ఒడ్డున ఉన్న సొంతూరు వెళ్ళిపోయింది. నీలం పెన్ను రేకు డబ్బాలో వదిలేసి వెళ్ళింది. అప్పట్నుంచి రెండు గీతలూ నేనే గీస్తున్నాను. తప్పని తెలుసు. పసుపు గీసి, టీ ఒక గుక్క తాగి, వేరే మనిషి వచ్చినట్టు మళ్ళీ వంగి నీలం గీసేదాన్ని.

ఇక మాట సంగతి. నా వేళ్ళు ఇంకా బాగున్న రోజుల్లో, ఒక ఏడాది చివర, మా కార్ల క్లబ్బులో ఒక పెద్దాయన కారుకు మలుపులో చక్రం ఊడి, కారు ముళ్ళపొదలోకి దూరింది. ఆయనకు దెబ్బలు పెద్దగా తగల్లేదు కానీ, నట్లు బిగించానా లేదా అన్నదే గుర్తులేదని ఆసుపత్రిలో ఏడ్చాడట. ఆ నెలలో క్లబ్బు విందులో అందరూ ఆయన గురించి గుసగుసలాడుతుంటే నాకు తిక్క రేగింది. నా నోరు ఊరుకోదు. లేచి నిలబడి, "బిగువేదో వదులేదో నా చెయ్యి చెప్పలేని రోజు వస్తే, ఆ రోజే కారు అమ్మేస్తాను. పొదలోకి దూరేదాకా ఆగను" అన్నాను.

"రాసి ఇస్తావా?" అన్నాడు విటిల్. ఇరవై ఏళ్ళుగా నన్ను ఏడిపించడమే పనిగా పెట్టుకున్న మనిషి.

"నీలాగా నాకు రాసుకుంటే తప్ప గుర్తుండదా?" అన్నాను.

అందరూ నవ్వారు. రోలండ్ నా పక్కనే కూర్చుని పాయసం లాంటి అన్నం పుడ్డింగ్ తింటున్నాడు. తల ఎత్తలేదు. విన్నాడని మాత్రం నాకు తెలుసు, ఆయన వినని మాట ఉండదు.

రోలండ్ తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేశాడు. మాంసం కొట్లలో త్రాసులు, పెట్రోలు బంకుల్లో పంపులు, పబ్బుల్లో బీరు గ్లాసులు, అన్నీ చూసి ముద్ర వేయడం ఆయన పని. రిటైరై పదేళ్ళయినా బజారుకు వెళ్తే చేపల త్రాసు వైపు అదోలా చూస్తాడు, చేపలమ్మేవాడు అనవసరంగా కంగారు పడతాడు. కారంటే ఆయనకు గిట్టదు. "చక్రాలున్న నీళ్ళతొట్టి" అనేవాడు. పదేళ్ళలో మూడు సార్లు ఎక్కాడు, మూడు సార్లూ కళ్ళు మూసుకునే కూర్చున్నాడు. గ్యారేజీలోకి టీ కప్పు పట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, ఇచ్చేసి వెళ్ళిపోయేవాడు.

డాక్టరమ్మను చూసొచ్చాక, మార్చిలో వెనక ఇరుసు పని పెట్టుకున్నాను. ఇరుసును చట్రానికి కట్టి ఉంచే కమ్మీలు అయిదు ఉంటాయి, ఒక్కోదానికి రెండు చివర్లా రెండు బోల్టులు. పాత ఇనప కమ్మీలు తీసేసి సన్నటి తేలిక కమ్మీలు వేశాను. నాలుగు కిలోలు తగ్గింది. "నాలుగు కిలోలా, రోజూ తినే కేకు మానేస్తే ఒక్క పైసా ఖర్చు లేకుండా పోయేవి కదా" అన్నాడు విటిల్. వాడి మాటకేం గానీ, ఆ బోల్టులు ఉండే చోటు చాలా ఇరుకు. బిగువు సరిపోగానే టిక్కుమని చెప్పే టార్క్ రెంచ్ ఒకటి ఉంటుంది, అది అక్కడ పట్టదు. మామూలు పానా వేసి చేతి అంచనాతో లాగాలి. లాగాను. వేళ్ళు ఏమీ చెప్పలేదు. మణికట్టులో సన్నగా నొప్పి పుట్టేదాకా లాగి, ఆ నొప్పినే టిక్కు అనుకున్నాను. పది బోల్టులు, పది పసుపు గీతలు, పది నీలం గీతలు. బాగానే ఉందని నాకు నేను చెప్పుకున్నాను. కారు కింద పడుకుని అబద్ధమాడితే వినేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఏప్రిల్‌లో ఒక వింత జరిగింది. ఆదివారం పొద్దున నేను హెల్మెట్ తీసుకుంటుంటే రోలండ్ టోపీ పెట్టుకుని వచ్చి, "నేనూ వస్తా" అన్నాడు.

"ఎక్కడికి?"

"నీ తొట్టిలో."

జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూశాను. వచ్చాడు. మరుసటి ఆదివారమూ వచ్చాడు, ఆపై ఆదివారమూ. కళ్ళు తెరిచే కూర్చున్నాడు. మలుపుల్లో సీటు అంచు పట్టుకుని పెదాలు బిగించేవాడు కానీ దిగుతానని ఒక్కసారి అనలేదు. నేను ఉబ్బిపోయాను. పదేళ్ళ తర్వాత మనిషి దారికొచ్చాడని గ్లెనిస్‌కు ఫోన్ చేసి మరీ చెప్పాను. "అవునా, మంచిదే" అంది గ్లెనిస్, అంతకు మించి ఏమీ అనలేదు. సిగ్నల్ బాగాలేదేమో అనుకున్నాను. ఆ రోజుల్లోనే ఒకసారి రోలండ్ బొటనవేలికి ఎర్రగా ఏదో అంటి ఉంటే, ఏమిటని అడిగాను. బీట్‌రూట్ పచ్చడి అన్నాడు. మా ఇంట్లో బీట్‌రూట్ అయిపోయి రెండు వారాలైందని నాకు అప్పుడు తట్టనే లేదు.

జూన్ రెండో ఆదివారం మా క్లబ్బు కొండ ఎక్కుడు పోటీ. పొలాల మధ్య ఒక రైతు తన సొంత దారి ఆ ఒక్క రోజుకు ఇస్తాడు. ఒక మైలు కూడా ఉండదు, ఏడు మలుపులు, చివర్లో ఆకాశం. ఒక్కో కారూ ఒంటరిగా ఎక్కాలి. ఎక్కే ముందు ప్రతి కారునూ తనిఖీ చేస్తారు. ఆ ఏడు తనిఖీ చేసింది తమ్‌సిన్ అనే ఆవిడ. సైన్యంలో ఇరవై ఏళ్ళకు పైగా హెలికాప్టర్లు బాగుచేసి వచ్చింది, నవ్వడం తక్కువ. వెనక చక్రాలు రెండు చెక్క దిమ్మెల మీదికి ఎక్కించమంది. ఎక్కించాను. ఆవిడ చాప పరుచుకుని, లైటు పట్టుకుని కారు వెనక కిందికి దూరింది. రోలండ్ కొంచెం దూరంలో ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. మా వెనక విటిల్ తన పచ్చ కారులో వరసలో ఉన్నాడు.

"హిలరీ గారూ" అంది తమ్‌సిన్ కింద నుంచి. "మీ ఎర్ర గీత ఎవరిది?"

"ఎర్రదేమిటి? మాది పసుపు, నీలం."

"అవీ ఉన్నాయి. వాటి పక్కన ఎర్రది కూడా ఉంది. అది ఎవరో గానీ మంచి చెయ్యి. ఈ నట్టు పావు చుట్టు వదులుగా ఉంటే పట్టుకుని బిగించారు."

ఏదో పొరపాటు పడి ఉంటారన్నాను. ఆవిడ బయటికి జరిగి లైటు నా చేతికిచ్చింది. ఆ లైటు ఎడమ చేత్తో అందుకున్నానని ఆవిడ గమనించింది. నేను పడుకుని తల లోపలికి పెట్టాను.

గడియారంలో పన్నెండు ఉండే చోట బోల్టు మీద నా పసుపు గీత ఉంది. నట్టు మీద దాని రెండో ముక్క మూడు ఉండే చోట ఉంది. పక్కనే నా దొంగ నీలం గీత కూడా అలాగే తెగి పక్కకు జరిగింది. అంటే నేను వదిలేసిన చోటు నుంచి ఎవరో దాన్ని పావు చుట్టు ముందుకు తిప్పారు. తిప్పాక, తెగిన ఆ రెండు గీతల పక్కన కొత్తగా, నిటారుగా, సన్నగా ఒక ఎర్ర గీత. అంత తిన్నగా గీత గీసే మనిషి నాకు తెలిసి లోకంలో ఒక్కడే. ఆయన కిరాణా చీటీకి కూడా స్కేలు పెట్టి మార్జిన్ కొడతాడు.

బయటికి వచ్చి కూర్చున్నాను. రోలండ్ ఫ్లాస్కు మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"బీట్‌రూట్" అన్నాను.

"గోళ్ళ రంగు" అన్నాడు. "పసుపు, నీలం నీ డబ్బాలో ఉన్నాయి, అవి ముట్టుకుంటే నీకు తెలుస్తుంది. మందుల కొట్లో కొన్నాను. ఏ షేడ్ కావాలంది అమ్మాయి. నట్ల మీదికి అన్నాను. నా వంక ఎలా చూసిందో నీకు చెప్పలేను."

మామూలు రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. నాకు కోపం వచ్చింది. సిగ్గుతో వచ్చే కోపం, అన్నిటికంటే పాడుది. "ఎప్పట్నుంచి?"

"మార్చి ఆఖరు. ఒకరోజు టీ తెచ్చాను. నువ్వు పసుపు గీశావు. తర్వాత డబ్బాలోంచి నీలం తీశావు. తన త్రాసుకు తనే ముద్ర వేసుకునే కసాయిని ముప్పై నాలుగేళ్ళు పట్టుకున్నాను, హిల్. నువ్వు గీస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. కప్పులు కూడా మూడు పగలగొట్టావు, సబ్బు జారుడని చెప్పావు. మన ఇంట్లో సబ్బు మార్చి చాలా ఏళ్ళయింది."

"నీకు పానా పట్టుకోవడం కూడా రాదు."

"రాదు. గ్లెనిస్‌ను అడిగాను. ఫోన్ చెవిలో పెట్టుకుని కారు కింద పడుకుంటే ఆవిడ చెప్పింది. ఆ ఇరుకులోకి పోయే మెడ వంకర పానా ఒకటి పోస్టులో పంపింది. దాన్ని టార్క్ రెంచ్‌కు తగిలిస్తే లెక్క వేరే కట్టాలట, ఆ లెక్క రెండు సార్లు కట్టి చూసుకున్నాను. నువ్వు ఈతకు వెళ్ళిన మంగళవారాల్లో చేశాను. మొదటి మంగళవారమే బిగించి గీత గీశాను, తర్వాతి మూడు మంగళవారాలూ కదలడం లేదని చూసుకున్నాను."

గ్లెనిస్ ఫోన్లో ఎందుకు పొడిపొడిగా మాట్లాడిందో అప్పుడు తెలిసింది. ఇద్దరూ కలిసి నన్ను ఏమార్చారు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ రోజే అమ్మేసేదానివి. క్లబ్బులో అందరి ముందూ అన్నావు కదా."

"అన్నాను. అమ్మేయాల్సిందే కదా. నా చెయ్యి అబద్ధం చెప్పింది, రోలండ్. నేను అన్న రోజు మార్చిలోనే వచ్చింది."

ఆయన మూత ఫ్లాస్కుకు పెట్టి తిప్పాడు. తప్పు మరలో పడింది, విప్పి మళ్ళీ తిప్పాడు. "నువ్వు గ్యారేజీలోంచి ఇంట్లోకి వచ్చేటప్పుడు బాగుంటావు" అన్నాడు. "మసి మొహంతో, ఆకలేస్తోందంటూ వస్తావు. మిగతా రోజుల్లో నీతో కొంచెం కష్టం. ఆ బాగుండే మనిషి నాకు కావాలి. నా స్వార్థమే."

నలభై ఒక్కేళ్ళ కాపురంలో మా ఆయన నా గురించి ఇన్ని మాటలు ఒక్కసారిగా చెప్పింది ఇదే. చెప్పిన చోటు చూస్తే తనిఖీ గుడారం, చుట్టూ పెట్రోలు వాసన, వెనక విటిల్. నేను ఇంకొక్కటి అడిగాను. "మరి కారెందుకు ఎక్కావు? నీకు భయం కదా."

"భయమే. ఇప్పటికీ భయమే."

"మరి?"

"చూసి గీత గీసింది నేను. గీసి, నిన్నొక్కదాన్నే పంపి, నేను ఇంట్లో పేపరు చదువుకుంటానా? నా లెక్క తప్పైతే ఆ తప్పులో నేనూ ఉండాలి."

ఏప్రిల్ నుంచి పది ఆదివారాలు. ఎనభై మైళ్ళ వేగంలో, సీటు అంచు పట్టుకుని, పెదాలు బిగించి. నా కారు మీద ప్రేమ పుట్టిందని నేను ఊరంతా చాటింపు వేశాను. ఆ మనిషి తన కొలతకు తన ప్రాణం పూచీ పెట్టి నా పక్కన కూర్చున్నాడు. నాకు కళ్ళు మసకబారాయి. ఇరవై మంది చూస్తుండగా తనిఖీ చాప మీద కూర్చుని ఏడవడం నా తరహా కాదు, అయినా ఏడ్చాను.

విటిల్ ఇంజిన్ ఆపి దిగి వచ్చాడు. ఆ నోటి నుంచి ఏం వస్తుందో నాకు తెలుసు, మాట రాసి ఇవ్వలేదు కదా అంటాడు. వాడు నా మొహం చూశాడు, రోలండ్ మొహం చూశాడు. "నా కారు ఎలాగూ వేడెక్కింది. కాస్త చల్లారనీ, తొందరేం లేదు" అని తమ్‌సిన్‌కు చెప్పి వెళ్ళిపోయాడు. వాడికి కూడా నేను రుణపడ్డాను, వాడితో ఎప్పటికీ చెప్పను.

"కారు పాస్" అంది తమ్‌సిన్, కాగితం మీద సంతకం పెడుతూ. "నడపాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను మనుషులను తనిఖీ చేయను."

మా దేశంవాళ్ళు థాంక్స్ అన్న మాటను పప్పుబెల్లాల్లా పంచుతారు. బస్సు దిగుతూ డ్రైవరుకు చెబుతాం, తలుపు పట్టుకున్నవాడికి చెబుతాం, పట్టుకోనిచ్చినందుకు వాడు తిరిగి మనకు చెబుతాడు. టీ ఇచ్చిన ప్రతిసారీ రోలండ్‌కు నేను థాంక్స్ చెబుతూనే ఉన్నాను, రోజుకు ఆరు సార్లు. ఇప్పుడు అదే మాట తీసి ఇవ్వాలంటే నాకు చిన్నతనంగా అనిపించింది. వేరే మాట కోసం వెతికాను, మా దగ్గర లేదు. ఉన్న మాటనే సరిగ్గా వాడాలి, ఇంకో దారి లేదు.

"రా" అన్నాను, చాప మీద పక్కకు జరిగి. "పడుకో. ఒక్కోటీ చూపించు."

"ఇప్పుడా? వరసలో అందరూ ఉన్నారు."

"ఉండనీ."

ఆయన టోపీ తీసి, మడిచి జేబులో పెట్టుకుని, మోకాళ్ళు కటకటలాడుతుంటే నా పక్కన పడుకున్నాడు. ఇద్దరం కారు కిందికి జరిగాం. మా రెండు జతల కాళ్ళు బయట గడ్డి మీద. లైటు నేను పట్టుకున్నాను.

"ఇది ఒకటోది" అన్నాడు వేలు పెట్టి. "ఇది సరిగ్గానే ఉండింది. కదల్లేదు. నువ్వు బిగించిందే."

పసుపు, నీలం, ఎరుపు మూడూ తిన్నగా ఉన్నాయి. "థాంక్స్" అన్నాను.

"దీనికెందుకు? దీన్ని నేనేం చేయలేదు."

"చూశావా లేదా?"

"చూశాను."

"మరి థాంక్స్."

"పరవాలేదు" అన్నాడు. రెండోదీ సరిగ్గానే ఉంది. థాంక్స్ అన్నాను, పరవాలేదన్నాడు. మూడోది తమ్‌సిన్ చూపించింది, పావు చుట్టు. నాలుగు, అయిదు సరిగ్గా ఉన్నాయి, ఆరు కొంచెం జరిగింది. ప్రతిదానికీ ఆగి, గీత చూసి, ఆయన పేరు పెట్టి థాంక్స్ చెప్పాను. ఏడోదీ సరిగ్గానే ఉంది, ఆయన ఇంకా పరవాలేదు అంటూనే ఉన్నాడు. బయట ఎవరో "బాగానే ఉన్నారా వాళ్ళు?" అన్నారు. "పనిలో ఉన్నారు" అంది తమ్‌సిన్. ఎనిమిది సరిగ్గా ఉంది. తొమ్మిది పావు చుట్టు.

పదోది ఎడమ చక్రం వైపు చివరి బోల్టు. నట్టు మీద నా పసుపు ముక్క ఎంత వెతికినా కనిపించలేదు. లైటు పక్కకు వంచితే, అవతలి వైపు ఆరు దగ్గర ఉంది.

"సగం చుట్టు" అన్నాడు రోలండ్. "ఇది వేలితో కదిలింది, హిల్. పానా అక్కర్లేకపోయింది. ఆ వేళ నువ్వు ఈత నుంచి వచ్చి, ఆదివారం కారు ఏ దారిన తిప్పమంటావు అని అడిగావు. నేను బాత్రూంలోకి వెళ్ళి కాసేపు కూర్చున్నాను."

మేమిద్దరం ఆ బోల్టును చూస్తూ పడుకున్నాం. ఇంజిన్ నుంచి నూనె వాసన, కింద గడ్డి తడి. నా వేళ్ళకు తెలియదు గానీ, ఆ మూడు వేళ్ళనూ ఆయన పట్టుకుని ఉన్నాడని చూస్తే తెలిసింది.

"అమ్మేస్తావా మరి?" అన్నాడు చివరికి. నాతో కాకుండా చట్రంతో అడిగినట్టు అడిగాడు.

"ఒక్కదాన్నే చేసుకునే కారైతే ఇవాళే అమ్మేసేదాన్ని" అన్నాను. "ఇక మీదట బిగించడం నీది. అంకె చూపించే రెంచ్ కొందాం, అంకె నేను చదువుతాను. కళ్ళు ఇంకా నా మాట వింటున్నాయి. నీ గీత మొదటిది, నా గీత రెండోది."

"నేను చూసేవాడినే, హిల్. ముప్పై నాలుగేళ్ళు చూడడమే చేశాను. బిగించడం నాకు రాదు."

"మరి ఇవి ఎవరు బిగించారు?"

ఆయన లైటు నా చేతిలోంచి తీసుకుని, తొమ్మిదోది చూశాడు, ఆరోది, మూడోది, మళ్ళీ పదోది. ఒక్కో ఎర్ర గీత దగ్గరా ఆగాడు.

"నేనే" అన్నాడు, అప్పుడే తెలిసినట్టు.

పదోదానికి థాంక్స్ చెప్పాను. ఈసారి ఆయన పరవాలేదు అనలేదు.